కంచె చేను మేస్తే... లైబీరియా సైన్యాన్ని మార్చిన కథ

చేనుకు కంచె వేస్తాం. ఎందుకు? పశువులు పడి మేయకుండా. మరి ఆ కంచే చేను మేస్తే రైతు ఎవరితో చెప్పుకుంటాడు?

దేశానికి సైన్యం కంచె లాంటిది. సరిహద్దు కాస్తుంది. వరదలు, తుపానులు వస్తే జనాన్ని కాపాడుతుంది. సైనికుల జీతాలు, తుపాకులు, బట్టలు, తిండి అన్నీ ప్రజల డబ్బుతోనే వస్తాయి. మనం సబ్బు కొన్నా, అగ్గిపెట్టె కొన్నా పన్ను కడతాం. సైన్యానికి ఖర్చు పెట్టేది అలాంటి పన్నుల డబ్బే.

కానీ ఆ తుపాకి ప్రజల వైపే తిరిగితే? అలా జరిగిన దేశం ఒకటి ఉంది. దాని పేరు లైబీరియా. ఆ దేశం తన పాత సైన్యాన్ని పూర్తిగా రద్దు చేసింది. మళ్ళీ మొదటి నుంచి కొత్త సైన్యాన్ని కట్టుకుంది. ఈ పనిలో ఆడవాళ్ళ పాత్ర చాలా ఉంది. ఆ కథ తెలుసుకుందాం.

లైబీరియా ఎక్కడుంది?

లైబీరియా ఆఫ్రికా ఖండంలో పడమటి వైపున, సముద్రం ఒడ్డున ఉంది. విస్తీర్ణంలో ఇంచుమించు మన తెలంగాణ అంత ఉంటుంది. జనం మాత్రం చాలా తక్కువ. 2022 జనాభా లెక్కల ప్రకారం సుమారు 52 లక్షల మంది. రాజధాని పేరు మన్రోవియా. అక్కడ రబ్బరు తోటలు ఉన్నాయి. ఇనుప ఖనిజం ఉంది. వాళ్ళూ మనలాగే వరి అన్నం తింటారు. కర్రపెండలం ఆకుతో కూర వండుకుంటారు.

పూర్వం అమెరికాలో ఆఫ్రికా వాళ్ళను బానిసలుగా అమ్మేవారు, కొనేవారు. బానిసతనం నుంచి బయటపడిన కొందరు 1820 తర్వాత ఓడలెక్కి లైబీరియాకు వచ్చారు. 1847లో అది స్వతంత్ర దేశమైంది. కానీ అలా వచ్చినవాళ్ళే అధికారం అంతా చేతిలో పెట్టుకున్నారు. మొదటి నుంచీ ఆ నేల మీద ఉన్న జనాన్ని దూరం పెట్టారు.

1908లో ప్రభుత్వం ఒక సరిహద్దు దళం పెట్టింది. ఆ దళం సరిహద్దు కాయడమే కాదు, పల్లెల మీద పడి గుడిసె పన్ను కూడా వసూలు చేసేది. దాంతో పల్లె జనానికి సైనికుడంటే భయం పట్టుకుంది. ఆ దళమే తర్వాత దేశ సైన్యం అయింది.

కంచె చేను మేసింది

1980 ఏప్రిల్‌లో శామ్యూల్ డో అనే ఒక చిన్న హోదా సైనికుడు, మరికొందరితో కలిసి అధ్యక్షుణ్ణి చంపాడు. తానే పాలకుడయ్యాడు. సైన్యంలో తన తెగ వాళ్ళకే పెద్దపీట వేశాడు. మిగతా తెగల వాళ్ళు రగిలిపోయారు.

1989 డిసెంబరులో చార్లెస్ టేలర్ అనే నాయకుడు తిరుగుబాటు మొదలుపెట్టాడు. దేశంలో దేశం వాళ్ళే ఒకరినొకరు చంపుకున్నారు. దీన్నే అంతర్యుద్ధం అంటారు.

1990 జూలైలో మన్రోవియాలోని ఒక చర్చిలో జనం తలదాచుకున్నారు. అందులో పిల్లలూ, తల్లులూ ఉన్నారు. రాత్రివేళ ప్రభుత్వ సైనికులే లోపలికి వచ్చారు. సుమారు 600 మందిని చంపేశారు. కాపాడవలసిన వాళ్ళే కడతేర్చారు.

మధ్యలో కొంతకాలం ఆగినా, 2003 దాకా యుద్ధం సాగింది. సుమారు రెండున్నర లక్షల మంది చనిపోయారు. చిన్నపిల్లల చేతికి తుపాకులిచ్చారు. ఆడవాళ్ళ మీద లెక్కలేనన్ని అత్యాచారాలు జరిగాయి.

తెల్లబట్టల ఆడవాళ్ళు

2003లో ఆడవాళ్ళు ఒకటయ్యారు. చర్చికి వెళ్ళేవాళ్ళు, మసీదుకు వెళ్ళేవాళ్ళు కలిసి కూర్చున్నారు. అందరూ తెల్లబట్టలు కట్టుకున్నారు. మన్రోవియాలో చేపల మార్కెట్ దగ్గర, రోడ్డు పక్కన రోజూ కూర్చునేవారు. ఎండ కాసినా, వాన కురిసినా కదల్లేదు. వాళ్ళు అడిగింది ఒక్కటే. యుద్ధం ఆపండి. లేమా గ్బోవీ అనే ఆమె వాళ్ళకు ముందు నిలిచింది.

ఘనా దేశంలో, అక్రా నగరంలో శాంతి చర్చలు జరిగాయి. వారాలు గడిచినా తేలలేదు. అప్పుడు ఆ ఆడవాళ్ళు అక్కడికీ వెళ్ళారు. చర్చలు జరిగే హాలు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. ఒప్పందం కుదిరేదాకా ఎవరినీ బయటకు పోనివ్వమన్నారు. 2003 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. పాత సైన్యాన్ని మార్చి కొత్తగా కట్టాలని అందులో రాసుకున్నారు. 2011లో గ్బోవీకి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

కొత్త సైన్యం ఎలా కట్టారు?

మొదటి పని, తుపాకులు వెనక్కి తీసుకోవడం. ఐక్యరాజ్యసమితి వేలమంది శాంతి సైనికులను పంపింది. తుపాకి దించినవాళ్ళకు కొంత డబ్బు ఇచ్చారు. చదువో, చేతిపనో నేర్పించారు. లక్షకు పైగా మంది పేర్లు రాయించుకున్నారు. వాళ్ళలో సుమారు 22 వేల మంది ఆడవాళ్ళు, 11 వేల మంది పిల్లలు. సుమారు 28 వేల తుపాకులు చేతికొచ్చాయి.

రెండో పని, పాత సైన్యాన్ని రద్దు చేయడం. 13 వేలకు పైగా సైనికులను ఇంటికి పంపారు. వాళ్ళకు కొంత డబ్బు ముట్టజెప్పారు. అది చాలదని వాళ్ళు నిరసనలు చేశారు. చనిపోయిన సైనికుల భార్యలు కూడా రోడ్డెక్కారు. వాళ్ళ బాధలోనూ న్యాయం ఉంది. పాతది కూల్చడం అంత సులువైన పని కాదు.

మూడో పని, కొత్తవాళ్ళను ఎంచుకోవడం. వయసు 18 నుంచి 35 ఏళ్ళ లోపు ఉండాలి. ఒళ్ళు గట్టిగా ఉండాలి. చదవడం, రాయడం రావాలి. దానికి పరీక్ష పెట్టారు. ఎందుకు? చదువు రాని సైనికుడికి చట్టం ఏం చెబుతుందో పై అధికారి నోటి నుంచే తెలియాలి. చదివినవాడు తానే తెలుసుకుంటాడు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది నడవడి. సైన్యంలో చేరతామన్న వాళ్ళ ఫొటోలు ఊరూరా అంటించారు. పత్రికల్లో వేశారు. ‘ఇతను యుద్ధంలో ఎవరినైనా చంపాడా? ఎవరినైనా చెరిచాడా? దోచుకున్నాడా? తెలిస్తే చెప్పండి’ అని జనాన్ని అడిగారు. చెప్పినవాళ్ళ పేరు బయటపెట్టలేదు. ఊళ్ళకు వెళ్ళి ఇరుగుపొరుగును కూడా వాకబు చేశారు. చేరడానికి వచ్చినవాళ్ళలో ఎక్కువమందిని వెనక్కి పంపేశారు. పెళ్ళిసంబంధం చూసేటప్పుడు మనం నలుగురినీ అడగమా? తుపాకి ఇచ్చేటప్పుడు అడగడం ఇంకా అవసరం.

నాలుగో పని, శిక్షణ. దీనికి అమెరికా డబ్బు ఇచ్చింది. ఒక అమెరికా ప్రైవేటు కంపెనీ శిక్షణ ఇచ్చింది. సుమారు 2 వేల మందితో చిన్న సైన్యం తయారైంది. చిన్న దేశానికి పెద్ద సైన్యం మోయలేని బరువు. అందుకే తక్కువమందిని తీసుకుని బాగా తయారు చేయాలనుకున్నారు. ఇందులో ఒక లోపం కూడా ఉంది. మన సైన్యం గురించి బయటి కంపెనీ, బయటి దేశం మాట్లాడుకోవడం ఏమిటి, మన చట్టసభను అడగవద్దా అని లైబీరియాలో చాలామంది ప్రశ్నించారు. 2008లో సైన్యం గురించి కొత్త చట్టం వచ్చింది. సైన్యం ఏం చేయాలో, ఎవరి మాట వినాలో అందులో రాశారు.

ఐదో పని, సొంత అధికారులను తయారుచేసుకోవడం. కొత్త సైన్యాన్ని నడిపే అనుభవం ఉన్నవాళ్ళు మొదట్లో లేరు. అందుకని నైజీరియా దేశపు అధికారులు దాన్ని నడిపారు. 2014 ఫిబ్రవరిలో లైబీరియా అధికారి ఒకరు ఆ కొత్త సైన్యానికి పెద్ద అయ్యారు.

మన దేశం ఆడపడుచులు

2006లో ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ లైబీరియా అధ్యక్షురాలయ్యారు. ఆఫ్రికాలో ఓట్లతో గెలిచి అధ్యక్ష పదవికి వచ్చిన మొదటి మహిళ ఆమే. 2011 నోబెల్ శాంతి బహుమతి ఆమెకు కూడా వచ్చింది.

2007 జనవరిలో మన దేశం నుంచి ఒక పోలీసు దళం లైబీరియా వెళ్ళింది. కేంద్ర రిజర్వు పోలీసు దళానికి చెందిన నూరుమందికి పైగా మహిళలు అందులో ఉన్నారు. ఐక్యరాజ్యసమితి తరఫున అలా వెళ్ళిన మొట్టమొదటి మహిళా పోలీసు దళం అదే. వాళ్ళు రాత్రిపూట మన్రోవియా వీధుల్లో గస్తీ తిరిగారు. అధ్యక్షురాలి కార్యాలయం దగ్గర కాపలా కాశారు. ఏటేటా కొత్తవాళ్ళు వెళ్తూ 2016 దాకా పనిచేశారు.

తుపాకి పట్టిన ఆడవాళ్ళను చూసి అక్కడి ఆడపిల్లలకు ధైర్యం వచ్చింది. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం, లైబీరియా భద్రతా ఉద్యోగాల్లో ఆడవాళ్ళు నూటికి 6 మంది ఉండేవారు. తర్వాత 17 మందికి పెరిగారు. అయితే సైన్యంలో మాత్రం నూటికి 20 మంది ఆడవాళ్ళు ఉండాలన్న ఆశ నెరవేరలేదు.

కొత్త సైన్యానికి పరీక్షలు

2013లో లైబీరియా కొద్దిమంది సైనికులను మాలి దేశానికి పంపింది. అక్కడి శాంతి దళంలో వాళ్ళు పనిచేశారు. ఒకప్పుడు లైబీరియాను కాపాడటానికి బయటివాళ్ళు వచ్చారు. ఇప్పుడు లైబీరియా వాళ్ళే ఇంకొకరిని కాపాడటానికి వెళ్ళారు.

2014లో ఎబోలా అనే ప్రాణాంతక వ్యాధి వచ్చింది. వ్యాధి పాకకుండా మన్రోవియాలో ఒక మురికివాడను మూసివేశారు. జనం ఎదురు తిరిగారు. సైనికులు కాల్పులు జరిపారు. 15 ఏళ్ళ పిల్లవాడు చనిపోయాడు. పాత భయం మళ్ళీ గుర్తొచ్చింది. కానీ ఈసారి విచారణ జరిగింది. కొందరు సైనికులది తప్పని తేలింది. వ్యాధి చికిత్స కేంద్రాలు కట్టడంలో కూడా అదే సైన్యం చెయ్యి వేసింది.

2018లో ఐక్యరాజ్యసమితి దళం వెళ్ళిపోయింది. దేశ భారమంతా సొంత సైన్యం, పోలీసుల మీదే పడింది.

సైనికుల భార్యలు రోడ్డెక్కారు

2024 ఫిబ్రవరిలో సైనికుల భార్యలు రోడ్లకు అడ్డంగా కూర్చున్నారు. జీతాలు చాలడం లేదన్నారు. పెన్షన్ సరిగా లేదన్నారు. తాము ఉండే క్వార్టర్లలో కరెంటు ఉండటం లేదన్నారు. సైనికుడు ధర్నా చేయకూడదు. భార్య చేయవచ్చు కదా! ఆ ఏడాది సైనిక దినోత్సవం వేడుకలను ప్రభుత్వం రద్దు చేసుకుంది. రక్షణ మంత్రి పదవి వదిలేశాడు. ఆ పదవి జెరాల్డీన్ జార్జ్ అనే మహిళకు దక్కింది. ఆమె సైన్యంలో పనిచేసి పైకి వచ్చిన అధికారి. లైబీరియాలో రక్షణ మంత్రి అయిన మొదటి మహిళ ఆమె.

కొత్త తుపాకి, కొత్త బట్టలు ఇస్తే సైన్యం మారిపోదు. సైనికుడి ఇంట్లో పొయ్యి వెలగాలి. జీతం అందని చేతిలో తుపాకి ఉంటే అది మళ్ళీ జనం మీదకే వస్తుంది. 1980లో జరిగింది వాళ్ళు మరిచిపోలేదు.

మనం తెలుసుకున్నవి

• సైన్యం ప్రజలది. ఒక తెగది కాదు, ఒక నాయకుడిది కాదు.
• తుపాకి ఇచ్చే ముందు మనిషి నడవడి చూడాలి. అది ఊళ్ళో వాళ్ళకే బాగా తెలుసు.
• సైన్యం చట్టానికి, ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వానికి లోబడి ఉండాలి.
• సైనికుడికి వేళకు జీతం, అతని కుటుంబానికి ఆసరా ఉండాలి.
• ఆడవాళ్ళు కలిసి కూర్చుంటే పెద్ద పెద్ద వాళ్ళు కూడా దిగివస్తారు.

కొత్త మాటలు

అంతర్యుద్ధం - ఒకే దేశం వాళ్ళు తమలో తాము చేసుకునే యుద్ధం
రద్దు చేయడం - లేకుండా తీసివేయడం
గస్తీ - కాపలా కోసం తిరగడం
వాకబు చేయడం - అడిగి తెలుసుకోవడం
ఐక్యరాజ్యసమితి - ప్రపంచ దేశాలు కలిసి పెట్టుకున్న సంస్థ

కలిసి మాట్లాడుకోండి

1. సైన్యంలో చేరేవాళ్ళ ఫొటోలు ఊరూరా ఎందుకు అంటించారు?
2. పాత సైనికులను ఇంటికి పంపేటప్పుడు వాళ్ళ భార్యాపిల్లల గురించి ఎవరు ఆలోచించాలి?
3. సైనికుడికి చదువు ఎందుకు కావాలి? మీకు చదువు వచ్చాక ఎవరినీ అడగకుండా మీరే తెలుసుకున్న విషయం ఒకటి చెప్పండి.
4. మీ ఊళ్ళో ఆడవాళ్ళు కలిసి సాధించిన పని ఏదైనా ఉందా? దాని గురించి ఐదు వాక్యాలు రాయండి.