సోవియట్ శ్రమ పతకాలు: సేకరణకు తొలి పాఠం



సోవియట్ యూనియన్ ఇచ్చిన బిరుదుల్లో ఆర్డర్ వేరు, మెడల్ వేరు. ఆర్డర్ పెద్ద గౌరవం. సాధారణంగా వెనుకవైపు వరుస నంబరు ఉంటుంది. మెడల్ ఒక మెట్టు కింద. చాలావాటికి నంబరు ఉండదు. శ్రమకు ప్రత్యేకించిన ‘శ్రమ శౌర్యం’, ‘శ్రమ విశిష్టత’ మెడళ్లు రెండూ 1938 డిసెంబరు 27న పుట్టాయి. తొలినాటివి నంబరుతో, ఎర్ర రిబ్బను తొడిగిన చిన్న త్రికోణానికి వేలాడేవి. 1943లో దాని స్థానంలోకి ఐదు కోణాల పట్టీ వచ్చింది. త్రికోణం ఉన్నదానికి గిరాకీ ఎక్కువ, నకిలీల బెడదా ఎక్కువే. కొత్తవారు ఆ జోలికి పోకపోవడం మంచిది.

మొదలుపెట్టడానికి అనువైనది 1945 జూన్ 6న నెలకొల్పిన యుద్ధకాల శ్రమ మెడల్. ఫ్యాక్టరీల్లో, పొలాల్లో పనిచేసిన సుమారు కోటీ అరవై లక్షల మందికి ఇది దక్కింది. రాగి బిళ్ల, ముందు స్టాలిన్ పక్కచూపు ముఖం, వెనుక సుత్తీ కొడవలి. బిళ్ల ఒక్కటే అయితే ఇది ఎవరిదో తెలిసే దారి లేదు. వెంట ఇచ్చిన చిన్న ధ్రువపత్రంలో గ్రహీత పేరు, తండ్రి పేరు, తేదీ, సంతకం, ముద్ర ఉంటాయి. కాబట్టి మెరిసే ఒంటి బిళ్లకన్నా, పత్రంతో ఉన్న గీతలు పడ్డ బిళ్లే మేలైన సరుకు.

1956 నాటి బీడుభూముల సాగు మెడల్‌పై గోధుమ చేలో కంబైన్ హార్వెస్టర్ కనిపిస్తుంది. యుద్ధం ఇంకా ముగియని 1944 జూలైలో తల్లులకూ బిరుదులు పెట్టారు: ఐదుగురు పిల్లలుంటే కంచు మెడల్, ఆరుగురుంటే వెండిది, పదిమందికి ‘వీరమాత’ ఆర్డర్. కాన్పులకూ రాజ్యం పద్దు రాసిందన్నమాట!

అసలు మెడల్ అచ్చుపోటుతో చేసింది కనుక అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి. పోతపోసిన నకలుపై సన్నని రంధ్రాలు, మొద్దుబారిన గీతలు భూతద్దంలో బయటపడతాయి. చింతపండుతోనో పాలిష్‌తోనో తోమితే పాత మెడల్ విలువ సగం పోయినట్టే.

రష్యాలో ఈ పతకాల క్రయవిక్రయాలు క్రిమినల్ కోడ్ 324వ అధికరణం కింద నేరం. అక్కడికి వెళ్లినవారి చేత తెప్పించుకోకూడదు. బయటి దేశాల్లోని నాణేల వర్తకుల దగ్గర, రసీదు రాయించుకుని కొనాలి.

– పెదనాన్న