కంపెనీ డైరెక్టర్ల బోర్డు: వర్తక కుటుంబములకు ఒక పాఠము

మడివాళ వాసులకు "బోర్డు" అను మాట క్రొత్తది కాదు. హోసూరు రోడ్డుపై బస్సు కండక్టరు "సిల్క్ బోర్డ్, సిల్క్ బోర్డ్" అని కేక వేయగానే దిగవలసినవారు లేచి నిలబడుదురు. ఆ పేరు వెనుక కేంద్ర పట్టు మండలి అను సంస్థ కలదనియు, అది 1948 నాటి చట్టముచే ఏర్పడినదనియు ఆ క్షణమున ఎవరికి జ్ఞాపకముండును? కూడలి పేరు అందరి నోట నిలిచినది. మండలి చేయు పని మాత్రము కొద్దిమందికే తెలియును.

మన కంపెనీలలోని డైరెక్టర్ల బోర్డు గతి కూడ తరచు ఇట్టిదే. పేర్లు కాగితముల మీద ఉండును. ఆ పేర్లు గలవారు చేయవలసిన పని ఏమో వారికే తెలియదు. కొట్టును ప్రైవేటు లిమిటెడ్ కంపెనీగా మార్చుకొన్న కుటుంబములు మనలో అనేకములు కలవు. కనుక ఈ విషయమును మొదటినుండి తెలుసుకొనుట మంచిది.

బోర్డు అనగా ఏమి?

సొంత కొట్టులో యజమానియే సర్వము. గల్లాపెట్టెలోని పైకము ఆయనది, అప్పు ఆయనది, లాభనష్టములు ఆయనవి. కంపెనీ అట్లు కాదు. చట్టము కంపెనీని వేరొక మనిషిగా లెక్కించును. దాని డబ్బు దానిదే. పెద్దన్నయ్యది కాదు, తమ్ముడిది కాదు. ఆ మనిషికి నోరు లేదు, చేయి లేదు. దాని తరఫున ఆలోచించుటకు, నిర్ణయించుటకు ఏర్పడిన పెద్దల కూటమే బోర్డు.

బోర్డు పనులు ముఖ్యముగా నాలుగు. కంపెనీని నడుపువానిని ఎన్నుకొనుట, అతడు పనికిరానియెడల మార్చుట. పెద్ద ఖర్చులను, అప్పులను పరిశీలించి ఒప్పుకొనుట లేదా నిరాకరించుట. లెక్కలు నిజమైనవని తృప్తిపడుట. రాబోవు ప్రమాదమును ముందుగా చూచుట. దినదినము బేరములు చేయుట, సరకు తెప్పించుట బోర్డు పని కాదు. 2013 నాటి కంపెనీల చట్టము 166వ విభాగము ప్రకారము ప్రతి డైరెక్టరు తగిన జాగ్రత్తతో, స్వతంత్రమైన బుద్ధితో వ్యవహరించవలెను. "అన్నయ్య చెప్పినాడు, సంతకము చేసితిని" అను సమాధానము అక్కడ చెల్లదు.

పెద్ద పేర్లు గల బోర్డు

తెలుగువారు మరువరాని ఉదాహరణ హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్. 1987లో స్థాపితమైన ఆ కంపెనీ ఇరువది ఏండ్లలో సుమారు 50 వేల మందికి ఉద్యోగములు ఇచ్చినది. దాని బోర్డులో ఎవరుండిరో చూడుడు. హార్వర్డు వ్యాపార విద్యాలయ ఆచార్యులు కృష్ణ పాలెపు, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ ఎం. రామమోహనరావు, కేంద్ర ప్రభుత్వ మాజీ కేబినెట్ కార్యదర్శి టి.ఆర్. ప్రసాద్, పెంటియం చిప్పు నిర్మాణములో పేరు గాంచిన వినోద్ ధామ్ మొదలైనవారు. ఇంతకంటె గొప్ప పేర్లు దొరకుట కష్టము. 2008లో కంపెనీ పరిపాలనకు గోల్డెన్ పీకాక్ అను బహుమానము కూడ వచ్చినది. మరుసటి సంవత్సరము దానిని వెనుకకు తీసుకొనిరి.

2008 డిసెంబరు 16న ఆ బోర్డు సమావేశమైనది. మేటాస్ అను రెండు కంపెనీలను కొనవలెనని ప్రతిపాదన. ఒకటి స్థిరాస్తి వ్యాపారము, రెండవది నిర్మాణముల వ్యాపారము. సత్యం అను పేరును ఇంగ్లీషులో వెనుకనుండి చదివినచో మేటాస్ అగును. వాటిని నడుపుచున్నవారు చైర్మన్ రామలింగరాజుగారి కుమారులు. ధర సుమారు 160 కోట్ల డాలర్లు. కంప్యూటరు పని చేయు కంపెనీకి ఇళ్ళస్థలములు ఎందుకు? చైర్మన్ కుటుంబపు సొత్తును చైర్మన్ కంపెనీయే కొనుట తగునా? ప్రశ్నలు కొన్ని వచ్చినవి గాని, చివరకు బోర్డు ఏకగ్రీవముగా ఒప్పుకొన్నది.

బోర్డు ఆపలేకపోయిన పనిని వాటాదారులు ఆపిరి. అమెరికా విపణిలో సత్యం వాటా ధర ఒక్కసారిగా సగమునకు పైగా పడిపోయినది. కొన్ని గంటలలోనే కొనుగోలు నిర్ణయము రద్దయినది. ఆ నెలాఖరులోగా పలువురు స్వతంత్ర డైరెక్టర్లు రాజీనామా చేసిరి. 2009 జనవరి 7న రామలింగరాజుగారు బోర్డుకు లేఖ వ్రాసి అసలు సంగతి ఒప్పుకొనిరి. పుస్తకములలో చూపిన నగదు, బ్యాంకు నిల్వ 5,361 కోట్ల రూపాయలు. అందులో 5,040 కోట్లు లేనేలేవు. లేని వడ్డీ, చూపని అప్పు, పెంచి వ్రాసిన బాకీలు కలుపగా మొత్తము 7,136 కోట్ల తేడా. మేటాస్ కొనుగోలు ఆ గోతిని పూడ్చుటకు చేసిన కడపటి ప్రయత్నమని ఆ లేఖయే తెలిపినది.

2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము పదిమందికి శిక్ష విధించినది. ఆ తీర్పుపై అప్పీళ్ళు జరిగినవి. శిక్ష పడినవారిలో పైన చెప్పిన స్వతంత్ర డైరెక్టర్లు ఒక్కరును లేరు. మనము నేర్చుకొనవలసిన పాఠము ఇచ్చటనే ఉన్నది. బోర్డులో తప్పు జరుగుటకు అందరును దుష్టులు కానక్కరలేదు. మంచివారు, చదువుకొన్నవారు కూర్చుండి, అడుగవలసిన ప్రశ్నను చివరివరకు పట్టుకొనకపోయిన చాలును. బ్యాంకులో డబ్బు ఉన్నదా లేదా అని మన పాత మునీముగారైనను కాగితము చూచి ఊరుకొనడు. బ్యాంకునకు వెళ్ళి అడిగి వచ్చును.

అదే కంపెనీ, వేరొక బోర్డు

కథ అంతటితో ముగిసియుండిన అది కేవలము విషాదము. తరువాతి భాగము ఇంకను ముఖ్యము. ప్రభుత్వము పాత బోర్డును తొలగించి 2009 జనవరి 11న కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్, సి. అచ్యుతన్ గారలను నియమించినది. కొద్దిదినములకు తరుణ్ దాస్, టి.ఎన్. మనోహరన్, ఎస్.బి. మైనక్ గారలు చేరిరి. ఈ ఆరుగురిలో ఎవరును ఆ కంపెనీ యజమానులు కారు, ఆ కుటుంబమునకు చుట్టములు కారు.

వారి చేతికి వచ్చినది ఏమి? నమ్మదగని లెక్కలు, జీతము వచ్చునో రాదోయని బెదరిన ఉద్యోగులు, వేరొకచోటికి పోవలెనా అని ఆలోచించు ఖాతాదారులు. వారు ఒక వరుసలో పని చేసిరి. లెక్కలను తిరిగి వ్రాయుటకు క్రొత్త గణకులను పెట్టిరి. బ్యాంకులనుండి అప్పు ఏర్పాటు చేసి జీతములు సాగునట్లు చూచిరి. ఫిబ్రవరిలో కంపెనీలోనే పనిచేయుచున్న ఎ.ఎస్. మూర్తిగారిని ముఖ్య కార్యనిర్వాహకునిగా నియమించిరి. బహిరంగముగా వేలము నడిపి, దానిని గమనించుటకు సుప్రీం కోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎస్.పి. భరూచాగారిని కోరిరి. ఏప్రిల్ 13న వాటా ఒక్కటికి 58 రూపాయల చొప్పున టెక్ మహీంద్రా ఎక్కువ ధర పాడినది. 2013లో సత్యం అందులో విలీనమైనది. మూడు నెలలలో ఒక బోర్డు వేలాది కుటుంబముల అన్నమును నిలిపినది. కంపెనీ అదే, ఉద్యోగులు అదేవారు, ఊరు అదే. మారినది బోర్డు పని చేయు తీరు.

మన ఊరి ఉదాహరణ

మడివాళనుండి హోసూరు రోడ్డు పట్టుకొని పోయిన ఎలక్ట్రానిక్ సిటీలో ఇన్ఫోసిస్ కలదు. దాని స్థాపకులలో ఒకరైన ఎన్.ఆర్. నారాయణమూర్తిగారి అధ్యక్షతన 2003లో ఒక కమిటీ కంపెనీల పరిపాలనపై సెబీకి నివేదిక ఇచ్చినది. అట్టి కంపెనీలోను 2017లో స్థాపకులకు, బోర్డుకు మధ్య వివాదము వచ్చినది. పనాయా అను కంపెనీని కొన్న తీరు, పై అధికారులకు ఇచ్చిన పైకము అందులోని ముఖ్య విషయములు. కొనుగోలులో తప్పు లేదని విచారణ తేల్చినను, మాటలు పత్రికలకెక్కినవి. 2017 ఆగస్టు 18న ముఖ్య కార్యనిర్వాహకుడు విశాల్ సిక్కా రాజీనామా చేసిరి. 24న నందన్ నీలేకని అధ్యక్షులుగా తిరిగి వచ్చిరి. ఎవరి పక్షము సరియైనదను చర్చ మనకు అవసరము లేదు. ప్రశ్నకు గది లోపల తృప్తికరమైన జవాబు దొరకనప్పుడు అది వీధిలోనికి వచ్చుననునది గ్రహించిన చాలును.

మన ఇంటి కంపెనీ

అవి పెద్ద కంపెనీల సంగతులు, మనకెందుకు అని అనుకొనరాదు. ఒక కుటుంబమును ఊహింపుడు. ముగ్గురు అన్నదమ్ములు. తండ్రిగారి ఎలక్ట్రికల్ సామానుల కొట్టు ప్రైవేటు లిమిటెడ్ అయినది. డైరెక్టర్లు పెద్దన్నయ్య, వదినగారు, నడిపి తమ్ముడు. పెద్దన్నయ్య తన బావమరిదిగారి గోదామును కంపెనీ పేర కొనెను. ధర ఎంత ఉండవలెనని ఎవరును అడుగలేదు. మినిట్సు పుస్తకమును గుమాస్తా ఇంటికి తెచ్చెను. వదినగారు వంటయింటినుండి వచ్చి చేయి తుడుచుకొని సంతకము చేసిరి. రెండేండ్లకు వ్యాపారము మందగించినది, బ్యాంకు అప్పు పెరిగినది. అప్పుడు చిన్న తమ్ముడు అడిగిన మొదటి ప్రశ్న గోదామును గూర్చియే. ఆ ప్రశ్న సమయమునకు బోర్డులో వచ్చియుండిన లెక్కల ప్రశ్నగా ఉండెడిది. ఆలస్యముగా వచ్చుటచే నిందయైనది. కలసి భోజనము చేసెడి ఇల్లు రెండయినది.

సత్యంలో మేటాస్ ఎట్టిదో ఈ ఇంటిలో గోదాము అట్టిది. చుట్టముతో బేరము పాపము కాదు. దాచుటయే దోషము. 184వ విభాగము ప్రకారము డైరెక్టరు తనకు ఎచ్చటెచ్చట లాభము, సంబంధము కలవో బోర్డుకు తెలుపవలెను. 188వ విభాగము ప్రకారము సంబంధితులతో బేరము సాధారణ వ్యాపారములో బజారు ధరకు జరిగినది కానియెడల బోర్డు సమావేశములో అనుమతి పొందవలెను.

వదినగారి సంతకమును గూర్చి కూడ ఒక మాట. ఇంటి ఆడవారిని పేరునకు మాత్రము డైరెక్టర్లుగా వ్రాయించుట మనలో అలవాటు. చట్టమునకు పేరు డైరెక్టరు, పని డైరెక్టరు అను భేదము లేదు. రాజీనామా ఇచ్చినను తాను ఉన్న కాలములోని తప్పులకు బాధ్యత ఉండును. వరుసగా మూడేండ్లు వార్షిక పత్రములు దాఖలు చేయని కంపెనీల డైరెక్టర్లు అయిదేండ్లు అనర్హులగుదురు. 2017లో ఈ కారణముచే 3 లక్షలకు పైగా డైరెక్టర్లను అనర్హులుగా ప్రకటించిరి. కనుక కోడలిని డైరెక్టరు చేయుడు. చేసినచో ఆమెకు లెక్కలు చూపుడు, కుర్చీ వేయుడు, అడుగనిండు. ఆమె బాగుగా అడుగుననుటలో నాకు సందేహము లేదు.

బోర్డును కూర్చుట

ప్రైవేటు కంపెనీకి కనీసము ఇద్దరు, పబ్లిక్ కంపెనీకి ముగ్గురు డైరెక్టర్లు ఉండవలెను. స్టాకు ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీలో మూడవ వంతైనను స్వతంత్రులు కావలెను. ప్రైవేటు కంపెనీకి ఈ నిర్బంధము లేదు. అయినను ఇంటికి చెందని ఒక్కరిని తెచ్చుకొనుట మేలు.

ఎవరిని తేవలెను? ముందుగా మన కొరత ఏమో వ్రాసికొనుడు. సరకు తెలిసినవారు మనమే. బ్యాంకు వ్యవహారము, పన్నులు, కంప్యూటరు ద్వారా అమ్మకము తెలిసినవారు ఎవరు? కొరతను బట్టి మనిషిని వెదకవలెను. మన కంపెనీ ఆడిటరుగారినే డైరెక్టరుగా కూర్చుండబెట్టరాదు, చట్టము ఒప్పదు. మనకు అప్పు ఇచ్చినవారు, మనవద్ద సరకు కొనువారు నిర్భయముగా మాట్లాడలేరు. పెద్దన్నయ్య ముఖము చూచి "ఇది నాకు అర్థము కాలేదు" అని మర్యాదతో చెప్పగలవాడే తగినవాడు.

సమావేశమును నడుపుట

సాధారణముగా ఏడాదికి నాలుగు సమావేశములు జరుపవలెను. రెండింటి మధ్య 120 దినములు మించరాదు. చిన్న కంపెనీలకు ఆరు మాసములకు ఒకటి చొప్పున చాలును. ఏడు దినముల ముందు నోటీసు పంపవలెను. దానితోపాటు లెక్కల కాగితములు కూడ పంపుట మంచి అలవాటు. సమావేశములో చేతికిచ్చిన కాగితమును ఎవరును చదువరు.

మొదట నగదు నిల్వ, బ్యాంకు ఇచ్చిన ధ్రువీకరణ. తరువాత రావలసిన బాకీలు. ఆరు మాసములు దాటినవి వేరుగా. ఆపైన అప్పులు, పన్నులు. అటుపిమ్మట చుట్టములతో జరిగిన బేరములు. చివరకు రాబోవు ఏడాది పని. ఇంట్లో చిన్నవారిని మొదట మాట్లాడనిండు. పెద్దవారు ముందు తీర్పు చెప్పినచో చిన్నవారి నోరు మూతపడును. కాదన్నవారి మాటను కూడ మినిట్సులో వ్రాయుడు. 30 దినములలోగా మినిట్సు పుస్తకములో ఎక్కించవలెను.

అభ్యాసము

ఈ పాఠము చదివిన పిదప, రాత్రి కొట్టు కట్టివేసిన తరువాత, ఇంటిల్లిపాదియు కూర్చుండి ఈ ప్రశ్నలకు జవాబులు వ్రాయుడు.

1. మన కంపెనీ డైరెక్టర్లు ఎవరెవరు? ప్రతివారికిని తాము డైరెక్టరులమని తెలియునా?
2. కడచిన ఏడాదిలో బోర్డు "వద్దు" అన్న పని ఒక్కటైనను కలదా?
3. బ్యాంకు నిల్వను బ్యాంకువద్దనే సరిచూచినది ఎవరు, ఎప్పుడు?
4. చుట్టములతో చేసిన బేరములు ఎన్ని? వాటి ధర నిర్ణయించినది ఎవరు?
5. పెద్దవారు ఆరు మాసములు మంచము పట్టినచో కంపెనీని నడుపువారు ఎవరు?

రెండవ ప్రశ్నకు జవాబు "లేదు" అని వచ్చినచో ఆ ఇంటిలో బోర్డు ఇంకను ఏర్పడలేదని తెలియవలెను. కాగితము మీది పేర్లను అట్లే ఉంచుడు. వచ్చు సమావేశమునకు తేదీ వేయుడు.