ఎండ నెఱిగి వీథి వేయుట

ఇల్లు కట్టుటకు ముందు మన పెద్దలు దిక్కు చూచెడివారు. నేడా దిక్కును నిర్ణయించువాడు ఇంటి యజమానుడు కాడు. అతని కంటె ముందుగా పొలమును కొలిచి, వీథులు గీచి, స్థలములుగా విభజించి రాళ్లు పాతినవారే దానిని నిర్ణయించుచున్నారు. మన తిరువళ్లూరు జిల్లాలో నిన్నటి పంటపొలములు పెక్కు నేడు ఇండ్ల స్థలములగుచున్నవి. ఇంటిని పడగొట్టి మరల కట్టవచ్చును గాని, ఇండ్లు వెలసిన పిమ్మట వీథిని త్రిప్పుట సాధ్యము కాదు. కావున యంత్రముల సాయము లేకయే ఇంటిని చల్లగా నుంచు విద్య వీథి నుండియే ఆరంభము కావలెను. అదెట్లో ఈ పాఠమున తెలిసికొందము.

1. సూర్యుని నడక

మన ఆత్తిపట్టు భూమధ్యరేఖకు ఉత్తరమున 13 డిగ్రీలకు కొంచెము పైన నున్నది. కర్కటరేఖకు దక్షిణమున నున్నాము గనుక సూర్యుడు ఏటికి రెండుమారులు, ఏప్రిల్ చివరి వారమునను ఆగస్టు మూడవ వారమునను, మన నడినెత్తికి వచ్చును. ఈ రెండింటి నడుమ మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరమునను, తక్కిన కాలమంతయు దక్షిణమునను ఉండును.

విద్యార్థులారా! బడి ఆవరణలో 100 సెంటీమీటర్ల కఱ్ఱను నిలువుగా పాతి చూడుడు. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నము దాని నీడ ఉత్తరముగా సుమారు 75 సెంటీమీటర్లు పడును. జూన్ 21న దక్షిణముగా 18 సెంటీమీటర్లే పడును. నీడ అన్నిటికంటె పొట్టిదగు క్షణమే నిజమైన మధ్యాహ్నము. అది గడియారపు 12 గంటలకు కొన్ని నిమిషములు అటునిటుగా నుండును.

2. నాలుగు గోడలు

4 అడుగుల ఎత్తుగల కిటికీ నొకదానిని తీసికొందము. అది ఉత్తరపు గోడలో నున్నచో, జూన్ మధ్యాహ్నపు టెండ నాపుటకు 9 అంగుళముల సన్‌షేడు చాలును. దక్షిణపు గోడలో నున్నచో, 2 అడుగుల సన్‌షేడు ఫిబ్రవరి నడుమ నుండి అక్టోబరు చివరి వఱకు మధ్యాహ్నపు టెండను పూర్తిగా ఆపును. ఆ పిమ్మట చలికాలపు నీరెండ కొంత లోనికి వచ్చిన హాయియే గాని బాధ లేదు.

పడమటి గోడ సంగతి వేఱు. మే నెలలో సాయంకాలము 4 గంటలకు సూర్యుడు దిగంతమునకు 32 డిగ్రీల ఎత్తున మాత్రమే ఉండును. అట్టి ఏటవాలు ఎండ నాపుటకు 6 అడుగుల సన్‌షేడు కావలెను. అంతటిదానిని కట్టువారెవరు? తూర్పు గోడకును ఉదయమున ఇట్టి ఎండయే తగులును గాని, రాత్రి చల్లారిన ఇల్లు దానిని కొంత ఓర్చుకొనును. సాయంకాలమునకు కప్పును గోడలును అప్పటికే కాగియుండును గనుక పడమటి ఎండ మిక్కిలి బాధాకరము.

3. వీథి దిక్కు

ముందు వెడల్పు 30 అడుగులు, లోతు 40 అడుగులు గల స్థలములు వరుసగా నున్నవనుకొందము. వీథి తూర్పు పడమరలుగా సాగినచో ఇండ్ల ముందు వెనుకల గోడలు ఉత్తర దక్షిణములకు తిరుగును. తూర్పు పడమటి గోడలు ప్రక్కయిండ్ల చాటున నుండి ఒకదానికొకటి నీడ నిచ్చుకొనును. వీథి ఉత్తర దక్షిణములుగా సాగినచో ప్రతి యింటికిని తూర్పు, పడమటి గోడలే బయలుపడును.

తూర్పు వాకిలిపై మనవారికి మక్కువ యెక్కువ. కాని అట్టి వీథిలో తూర్పు వాకిలి యింటి కెదుట పడమటి వాకిలి యిల్లొకటి తప్పక నుండును. ఒకరి మేలు ఎదుటివారికి వేడియగును. వాననీటి వాలును, రాకపోకలను కూడ చూడవలసినదే. అయినను వీలున్నంత వఱకు నిడుపాటి వీథులు తూర్పు పడమరలుగా నుండుట మేలు.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమునందలి డేవిస్ పట్టణమున 1970వ దశకమున 'విలేజ్ హోమ్స్' అను నివాసము వెలసినది. అందు రెండు వందలకు పైగా గృహములు కలవు. అక్కడ చలికాలపు టెండను లోనికి రప్పించుటకు వీథులను తూర్పు పడమరలుగా వేసిరి. మనకు కావలసినది ఎండను వెలుపల నుంచుట. ఉద్దేశము తలక్రిందులైనను వీథి దిక్కు మాత్ర మొక్కటియే!

4. గాలియు, కప్పును

మన తీరప్రాంతమున ఉక్క యెక్కువ గనుక నీడతోపాటు గాలియు కావలెను. మేము శిక్షణ పొందిన ఆంధ్రదేశమున, కోస్తా జిల్లాల మండువా లోగిళ్లలో నడిమి వాకిలి నుండి వేడిగాలి పైకి పోవును. వసారా గోడలపై ఎండ పడనీయదు. చిన్న స్థలమున మండువా పట్టదు. అచట ఎదురెదురు గోడలలో కిటికీలుంచి, తూర్పు దిక్కున వచ్చు సముద్రపు గాలికి ఎత్తైన ప్రహరీ అడ్డము రాకుండ చూడవలెను. కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2018లో వెలువరించిన 'ఎకో నివాస్ సంహిత' మన వంటి ఉక్క ప్రాంతములలో తెఱచుటకు వీలగు ద్వార గవాక్షములు నేల వైశాల్యములో ఆఱవ వంతునకు తగ్గరాదనుచున్నది.

అన్నిటికంటె ఎక్కువ ఎండ కాయునది కప్పుపైననే. దానికి తెల్లని పూత పూసిన చాలవఱకు వేడి వెనుకకు మరలును. తెలంగాణ ప్రభుత్వము 2023లో ఇందుకై ప్రత్యేక విధానమునే ప్రకటించినది.

ఇప్పటికే పడమటి ముఖముగా కట్టిన యింటివారు నిరాశ చెందనక్కఱలేదు. పడమట వేపచెట్టు నాటవచ్చును. చిక్కుడు పందిరి వేయవచ్చును. క్రొత్తగా గదులు కట్టునప్పుడు మెట్లు, స్నానపుగది, సామానుగది ఆ వైపున నుంచవచ్చును.

మన ఊరి చెంతనే ఉత్తర చెన్నై థర్మల్ విద్యుత్కేంద్రము బొగ్గును కాల్చి విద్యుత్తును పుట్టించుచున్నది. ఇంటిని ఎండకు అప్పగించి, పిదప యంత్రముతో చల్లార్చుకొనుట యనగా ఆ బొగ్గును మఱింత కాల్చుటయే. స్థలము కొనుటకు మీ తల్లిదండ్రులు పటము చూచునప్పుడు మీరును ప్రక్కన నిలిచి, "ఈ వీథి ఏ దిక్కుగా పోవుచున్నది?" అని అడుగుడు. రాళ్లు పాతిన పిమ్మటనైనను, సొమ్ము చెల్లింపక ముందే అడుగవలసిన ప్రశ్న యిది.

అభ్యాసము

1. మీ వీథి ఏ దిక్కుగా సాగుచున్నదో కఱ్ఱనీడ సాయమున నిర్ణయింపుడు.
2. మీ యింట సాయంకాలము 4 గంటలకు ఎండ తగులు గోడను గుర్తించి, దానికి నీడ కల్పించు ఉపాయము నొకదానిని వ్రాయుడు.
3. 120 చదరపు అడుగుల గదిని ఆఱవ వంతు లెక్కన చూచినచో తెఱచు కిటికీలు, తలుపులు కలిసి ఎన్ని చదరపు అడుగులుండవలెను?