ప్రయోగశాలలో కణాల జీవశక్తి నిర్ధారణ: రంజన పరీక్షల పరిధి, పరిమితులు

కణం జీవించి ఉన్నదా లేదా అన్న ప్రశ్నకు ఏ ఒక్క పరీక్షా పూర్తి సమాధానం ఇవ్వదు. కణత్వచం చెక్కుచెదరకుండా ఉన్నదా, ఎంజైములు పనిచేస్తున్నాయా, కణ విభజన సాగుతున్నదా అన్న అంశాలలో ప్రతి పరీక్షా ఒకటి రెండింటిని మాత్రమే కొలుస్తుంది. మరణిస్తున్న కణంలో ఇవన్నీ ఒకేసారి ఆగిపోవు. అందువల్ల ఒకే నమూనాకు రెండు పరీక్షలు రెండు వేర్వేరు శాతాలను చూపడం తరచుగా జరుగుతుంది.

హైబ్రిడ్ వరి పరిశోధనలో వాడే అయోడిన్-పొటాషియం అయోడైడ్ రంజనం ఇందుకు మంచి ఉదాహరణ. ఈ ద్రావణంలో నల్లబడిన పుప్పొడి రేణువులను ఫలవంతమైనవిగా, పసుపు రంగులో ముడుచుకొని ఉన్నవాటిని వంధ్య రేణువులుగా లెక్కిస్తారు. నిజానికి ఈ రంజనం గుర్తించేది పిండి పదార్థాన్నే. డబ్ల్యు.ఎ. రకపు పురుష వంధ్య వరుసలలో పిండి చేరకముందే రేణువుల ఎదుగుదల నిలిచిపోతుంది కనుక వంధ్యత్వ నిర్ధారణకు ఈ పరీక్ష చాలు. అయితే 70 శాతం ఆల్కహాలులో భద్రపరచిన కంకుల పుప్పొడి కూడా ఇలాగే నల్లబడుతుంది. ఆ రేణువులలో ప్రాణం ఉండదు. పరాగకోశం పగిలిన కొద్ది నిమిషాలకే జీవశక్తి కోల్పోయే వరి పుప్పొడి విషయంలో ఈ తేడా చిన్నది కాదు. విత్తనోత్పత్తి క్షేత్రంలో పరాగ సంపర్క వేళకు మగ వరుస పుప్పొడి సజీవంగా ఉన్నదా అన్నది తెలియాలంటే మరో పరీక్ష అవసరం.

1970లో హెస్లాప్-హారిసన్ దంపతులు ప్రతిపాదించిన ఫ్లోరెసీన్ డైఅసిటేట్ పద్ధతి ఈ అవసరాన్ని చాలావరకు తీరుస్తుంది. స్వతహాగా వెలుగు లేని ఈ పదార్థం కణంలోకి ప్రవేశించాక ఎస్టరేజ్ ఎంజైముల వల్ల విడిపోయి, పచ్చగా ప్రకాశించే ఫ్లోరెసీన్‌గా మారుతుంది. కణత్వచం దృఢంగా ఉంటేనే అది లోపల నిలుస్తుంది. ఎంజైము, త్వచం రెండూ ఒకే పరీక్షలో తేలడం దీని బలం. ప్రోటోప్లాస్టులకు కూడా ఇది అనుకూలమే. పరాగ నాళం మొలిచే శక్తిని మాత్రం మొలక పరీక్షతోనే చూడాలి.

కత్తెర పురుగు ప్యూపా అండాశయ కణజాలం నుండి వచ్చిన ఎస్.ఎఫ్.9 వంటి కీటక కణాలకు ట్రిపాన్ బ్లూ సులభమైన మార్గం. 0.4 శాతం ద్రావణాన్ని కణాలతో సమపాళ్లలో కలిపి, 3 నుండి 5 నిమిషాలలో హీమోసైటోమీటరుపై లెక్కించాలి. ఆలస్యమైతే రంజనమే కణాలకు హాని చేస్తుంది. నీలం కణాలు మృతకణాలు. మరణ ప్రక్రియ తొలిదశలో ఉన్న కణాల త్వచం ఇంకా గట్టిగానే ఉంటుంది కనుక అవి సజీవ కణాల లెక్కలో చేరిపోతాయి. లెక్కించిన కణాల సంఖ్య కూడా ముఖ్యమే. 90 శాతం సజీవమని తేలినప్పుడు, 50 కణాలే లెక్కిస్తే దోష పరిధి ఇరువైపులా సుమారు 8 శాతం, 200 లెక్కిస్తే 4 శాతం. కొద్ది కణాలు చూసి రెండు మందుల మధ్య 5 శాతం తేడాను ప్రకటించడం సమర్థనీయం కాదు.

1983లో మోస్మన్ వివరించిన ఎం.టి.టి. పరీక్ష, విత్తనాల టెట్రజోలియం పరీక్షకు దగ్గరి చుట్టం. రెండింటిలోనూ సజీవ కణాల ఎంజైములు టెట్రజోలియం లవణాన్ని రంగుగల ఫార్మజాన్‌గా క్షయకరిస్తాయి. మొక్కల సారాల విషప్రభావాన్ని కొలిచేవారు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. సారంలోని పాలీఫినాల్స్, ఆస్కార్బిక్ ఆమ్లం కణాల ప్రమేయం లేకుండానే ఎం.టి.టి.ని క్షయకరించగలవు. అప్పుడు కణాలను చంపిన సారం సైతం హానిరహితంగా కనబడుతుంది. రంగు తగ్గినప్పుడు కూడా కణాలు చనిపోయాయా, ఎదుగుదల మందగించిందా అన్నది దీనితో తేలదు. కణాలు లేని గుంటలో సారాన్ని, ఎం.టి.టి.ని మాత్రమే ఉంచి చూడడం, రంజనానికి ముందు సారాన్ని కడిగివేయడం, వేడితో చంపిన కణాలను పోలిక కోసం ఉంచడం ప్రతి ప్రయోగంలోనూ తప్పనిసరి.