కలకత్తా కోటయు హైదరాబాదు స్నేహమును

హుగ్లీ నదీ తీరమున కలకత్తాలో, అనగా నేటి కోల్‌కతాలో, ఫోర్టు విలియం కోట కలదు. బళ్లారి, అనంతపురము, కడప మండలములు నిజాము చేతినుండి ఆంగ్లేయుల చేతికి మారిన వృత్తాంతము నెరుగగోరు చదువరులు మొదట ఈ కోటవైపు చూడవలెను.

1758లో క్లైవు కలకత్తానుండి కర్నల్ ఫోర్డు అను సేనానిని ఓడలపై విశాఖపట్టణమునకు పంపెను. విజయనగర ప్రభువగు ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారిపై సహాయము కోరియుండెను. ఆ డిసెంబరులో చందుర్తి యొద్ద ఫ్రెంచివారు ఓడిరి. 1759 ఏప్రిలులో మచిలీపట్టణపు కోట పడెను. ఫ్రెంచివారికి తోడ్పడవచ్చిన హైదరాబాదు ప్రభువు సలాబత్ జంగు, గెలిచినవారితోనే ఒడంబడిక చేసికొని మరలిపోయెను. 1766లో అతని తమ్ముడు నిజాం అలీఖాను ఉత్తర సర్కారులను కంపెనీకిచ్చెను. కంపెనీ ఏటేట సొమ్మును, అవసరమైనప్పుడు సేనను ఇచ్చుటకు ఒప్పుకొనెను. అప్పటికి ఇరుపక్షములును సమానులవలెనే మాటలాడుచుండిరి.

1795లో మహారాష్ట్రులు ఖర్డా యొద్ద నిజామును ఎదిరించినప్పుడు, కలకత్తాలోని గవర్నరు జనరల్ సర్ జాన్ షోరు తటస్థముగా నుండెను. నిజాము ఓడి, రేమాండు అను ఫ్రెంచివాని పటాలములపై మరింత ఆనుకొనెను. కష్టకాలమున కదలిరాని స్నేహితుని విడిచి వేరొకని వెదకుట వింత కాదు.

1798 మే నెలలో వెల్లస్లీ కలకత్తా చేరెను. అతనికి ఆ ఫ్రెంచి పటాలములే కంటిలో నలుసులైనవి. సెప్టెంబరు 1వ తేదీన క్రొత్త ఒడంబడిక జరిగెను. నిజాము కంపెనీ పటాలములను ఆరింటిని తన రాజ్యమున నిలుపుకొని, వాటికై ఏటా 24,17,100 రూపాయలు చెల్లింపవలెను. ఫ్రెంచి అధికారులను పంపివేయవలెను. అక్టోబరులో సుమారు 14,000 మంది సిపాయిలు యుద్ధము లేకయే ఆయుధములు విడిచిరి. ఇచ్చట చదువరి కొంత నిలిచి ఆలోచింపవలెను. పిలిచినప్పుడు వచ్చు సేన వేరు, ఇంటిలోనే కాపురముండు సేన వేరు. ఆహాజు అష్షూరు రాజును సహాయమునకు పిలిచిన సంగతి మనకు తెలిసినదే.

1799లో టిప్పు సుల్తాను కూలిన పిమ్మట మైసూరు రాజ్యములో నిజామునకును వాటా వచ్చెను. కాని 1800 అక్టోబరులో సేన మరల పెరిగెను; దాని జీతములకు రొక్కమునకు బదులుగా ఆ వాటాయు, 1792లో లభించిన భాగమును కంపెనీకే చెందెను. అవే దత్త మండలములు. 1928 నుండి రాయలసీమ. కంపెనీ ఎరుగకుండ అన్యరాజులతో సంప్రదించు స్వేచ్ఛను సహితము నిజాము వదలుకొనెను. (ఆ 1800లోనే వెల్లస్లీ స్థాపించిన ఫోర్టు విలియం కళాశాలలో బోధించిన విలియం కేరీ, 1814లో తెలుగు వ్యాకరణమును వెలువరించెను. ఒక్క పట్టణమునుండి ఎంత భిన్నమైన పనులు!)

తరువాత ఆంగ్ల అధికారుల క్రింద హైదరాబాదు కంటింజెంటు అను మరియొక సేన ఏర్పడెను. శాంతికాలమున అట్టి సేనను పోషింపవలెనని 1800 సంవత్సరపు ఒడంబడికలో నియమము లేదు. అయినను దాని ఖర్చు నిజాముపై అప్పుగా పేరుకొనెను. 1853లో ఆ బాకీ క్రింద బీరారును కంపెనీకి అప్పగింపవలసివచ్చెను.