చెరువులో పైప్‌లైన్: రొయ్య, చేప, ఆల్చిప్ప, నాచు

మనలో కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాళ్ళకి రొయ్యల చెరువు కొత్త కాదు. ఇక్కడినుంచి పెట్టుబడి పంపేవాళ్ళూ ఉన్నారు. ఆ డబ్బులో పెద్ద వాటా మేతకే పోతుంది. మరి ఆ మేత చివరికి ఏమవుతుంది? ఈసారి లెక్క వేసి చూద్దాం.

వెయ్యి కిలోల మేతలో 35 శాతం ప్రోటీన్ ఉందనుకోండి, అంటే 350 కిలోలు. ప్రోటీన్‌లో నైట్రోజన్ సుమారు 16 శాతం కాబట్టి చెరువులో పడిన నైట్రోజన్ 56 కిలోలు. కిలో రొయ్యకి కిలోన్నర మేత చొప్పున పంట దాదాపు 670 కిలోలు. రొయ్య బరువులో నైట్రోజన్ 3 శాతం అనుకుంటే పంటతో బయటికి వెళ్ళేది 20 కిలోలే! మిగిలిన 36 కిలోల్లో చాలా భాగం అమ్మోనియాగా నీళ్ళలోనూ, బురదగా అడుగునా చేరుతుంది. మన భాషలో ఇది మెమరీ లీక్.

ఒకదాని అవుట్‌పుట్‌ని ఇంకొకదానికి ఇన్‌పుట్‌గా ఇవ్వడమే దీనికి విరుగుడు. మిగిలిన మేతనీ, అడుగున పెరిగే పాచినీ పాలబొంత లాంటి చేప తింటుంది. నీటిలో తేలే సూక్ష్మ కణాలని ఆల్చిప్పలు వడగడతాయి. కరిగిన అమ్మోనియాని గ్రాసిలేరియా లాంటి సముద్రపు నాచు పీల్చుకుంటుంది. బొచ్చె పైన, శీలావతి మధ్యన, ఎర్రమోసు అడుగున మేసే మన మంచినీటి చెరువుల్లో ఉన్నదీ ఇలాంటి పొత్తే. చైనాలోని సాంగౌ అఖాతంలో నాచునీ, ఆల్చిప్పలనీ పెద్ద ఎత్తున కలిపి పెంచుతున్నారు.

అయితే స్కేలింగ్ మరిచిపోకూడదు. పచ్చి నాచులో 90 శాతం నీరే. ఎండు నాచులో నైట్రోజన్ 3 శాతం అనుకుంటే, టన్ను పచ్చి నాచు తీసేది 3 కిలోలు. 36 కిలోలూ దానితోనే తీయాలంటే 12 టన్నులు కావాలి! నాలుగు తాళ్ళకి నాచు కట్టి ఊరుకుంటే అది అలంకారమే.

ఇంకొన్ని బగ్స్ కూడా ఉన్నాయి. రాత్రిపూట నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది, కాబట్టి ఏరేటర్లు తప్పవు. బురదనీటిలో నాచుకి వెలుతురు అందదు, ఆల్చిప్పలకి ఊపిరాడదు. అందుకే ఈ రెండింటినీ నీరు బయటికి పోయే కాలువలో పెంచడం మేలు. వానలకి ఉప్పదనం పడిపోతే రెండూ దెబ్బతింటాయి. పండుగప్పని రొయ్యల్లో వదిలితే రొయ్యలే దానికి మేత. ఆల్చిప్పల్లో నీటిలోని క్రిములు పోగవుతాయి, పరీక్ష చేయించకుండా అమ్మకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఈ పద్ధతి తెల్లమచ్చల వైరస్‌కి మందు కాదు. వ్యాధి లేని పిల్ల, శుభ్రమైన నీరు ఎప్పుడూ కావలసిందే.

ఈసారి ఊరినుంచి పెట్టుబడి అడిగితే, దిగుబడి ఎంతని అడిగే ముందు ఇంకో ప్రశ్న వేయండి: మిగిలిన నైట్రోజన్ ఎక్కడికి పోతుంది?