ఎత్తుమడమల చరిత్ర: వేషధారణపై ఒక పరిశీలన

వేషధారణను గురించి మా ఇంట పెద్దలు తరచు చెప్పే ఉర్దూ సామెత ఒకటి ఉన్నది: "ఖావో మన్ భాతా, పహనో జగ్ భాతా". తిండి తన మనసుకు నచ్చినట్లు, బట్ట లోకానికి నచ్చినట్లు ఉండవలెనని దాని భావం. నలుగురితో కలవని వానిని చూసి తెలుగువారు "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అంటారు. రెండును అనుభవం మీద పుట్టిన మాటలే. కాని లోకానికి నచ్చినట్లు అన్నప్పుడు, ఏ కాలపు లోకానికి అన్న ప్రశ్న మిగిలియే ఉంటుంది. ఈ ప్రశ్న నాకు గ్రంథపఠనం వలన తోచినది కాదు. నేను చేసిన ఒక పొరపాటు వలన తోచినది.

కొన్నేళ్ళ క్రిందట వేరొక కళాశాలలో పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి ఆలస్యంగా తరగతికి వచ్చినాడు. అతని కాళ్ళకు రెండంగుళాల మడమ గల బూట్లు. అడుగు పడినప్పుడల్లా నేలపై టకటకమని చప్పుడు. నేను పాఠం ఆపి, "ఏమయ్యా, మీ అక్కయ్య జోళ్ళు తొడుక్కొని వచ్చావా?" అన్నాను. తరగతి అంతా గొల్లున నవ్వినది. నా చమత్కారానికి నేనే మురిసిపోయినాను. ఆ అబ్బాయి మాత్రం తల వంచుకొని వెనుక బల్లపై కూర్చున్నాడు. తరువాత వారం రోజులు కళాశాలకు రాలేదు. వచ్చిన నాడు అతని కాళ్ళకు రబ్బరు చెప్పులు ఉన్నవి. అతడు తరగతిలో అందరికంటె పొట్టివాడన్న సంగతి అప్పుడు గాని నాకు స్ఫురించలేదు.

ఆ సంవత్సరమే చరిత్రోపన్యాసకుడైన మిత్రుని బల్లపై ఒక చిత్రాన్ని చూడడం తటస్థించినది. ఫ్రాన్సు రాజు పధ్నాలుగవ లూయీ రాజలాంఛనాలతో నిలబడి ఉన్నాడు. 1701లో రిగో అనే చిత్రకారుడు చిత్రించినది. రాజు కాళ్ళకు తెల్లని మేజోళ్ళు, ఎర్రని ఎత్తుమడమల జోళ్ళు. ఆ మహారాజును చూసి నాకు నవ్వు రాలేదు. మరి నా విద్యార్థిని చూసి ఎందుకు నవ్వినాను? ఆ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ వ్యాసోద్దేశం.

గుర్రపు రౌతు అవసరం

ఎత్తుమడమ పుట్టినది అందం కొరకు కాదు, ఆడవారి కొరకు అంతకంటె కాదు. అది మొదట గుర్రపు రౌతుది. ఇరాన్ దేశపు ఆశ్వికులు రికాబులో కాలుంచి, జీనుపై లేచి నిలబడి బాణం వేసేవారు. గుర్రం పరుగెత్తుతున్నప్పుడు కాలు జారకుండ రికాబును పట్టి ఉంచుటకు జోడు అడుగున మడమ అవసరమైనది. రికాబు అనే మాట మనకు కొత్తది కాదు. ఉర్దూలో నున్న ఆ మాట తెలుగు నిఘంటువులకు కూడ ఎక్కినది. అమెరికాలో పశువులు కాచే కౌబాయిల బూట్లకు నేటికిని మడమ ఉండుటకు కారణం ఇదే.

కెనడాలోని టొరంటో నగరంలో పాదరక్షలకే ప్రత్యేకంగా బాటా మ్యూజియం ఉన్నది. అక్కడి పరిశోధకురాలు ఎలిజబెత్ సెమల్‌హాక్ ఈ చరిత్రను శ్రద్ధగా పరిశీలించినది. ఇరాన్ పాలకుడు మొదటి షా అబ్బాసు ఉస్మానియా తురుష్కులకు వ్యతిరేకంగా మిత్రులను సంపాదించుటకై 1599లో ఐరోపా రాజ్యాలకు రాయబారులను పంపినాడు. ఇట్టి సంబంధాల వలన పెరిగిన ఆసక్తితో అక్కడి ప్రభువులు ఇరాన్ ఆశ్వికుల మడమను పౌరుషచిహ్నంగా స్వీకరించినారని ఆమె అభిప్రాయం.

రాజసభలో హోదా

గుర్రం దిగిన తరువాత మడమకు పని లేదు. అయినను ప్రభువులు దానిని విడువలేదు. పని లేకపోవుటయే దాని విలువ అయినది. బురద వీధులలో నడిచేవాడు, పొలంలో దిగేవాడు, మూట మోసేవాడు ఎత్తుమడమ తొడగలేడు. తొడిగినవాడు శ్రమ చేయనక్కరలేని వాడని దూరం నుండియే తెలిసిపోవును. లూయీ సభలో ఎర్రమడమ రాజానుగ్రహం గల ప్రభువుల గుర్తు అయినది.

ఇక్కడ విద్యార్థులు ముఖ్యంగా గమనింపదగిన విశేషం ఒకటి ఉన్నది. పదిహేడవ శతాబ్ది ప్రథమార్ధంలో ఐరోపా స్త్రీలు కొందరు పురుషుల టోపీలు, పురుషుల పోకడలు అనుకరించసాగినారు. ఎత్తుమడమ కూడ అట్లే వారికి సంక్రమించినది. అనగా, నాడు మడమ తొడిగిన స్త్రీ మగవాని వేషం వేసినదన్నమాట! ఆ శతాబ్ది చివరకు పురుషుల మడమ లావుగా, స్త్రీల మడమ సన్నగా రెండు దారులు పట్టినవి. పద్ధెనిమిదవ శతాబ్ది మధ్యకు పురుషులు మడమను దాదాపుగా విడిచిపెట్టినారు. పురుషుడు బుద్ధిప్రధానుడు, స్త్రీ అలంకారప్రియ అనే భావం ఆ కాలంలో బలపడినది. పట్టుబట్టలు, జలతారు, విగ్గులు మొదలైనవన్నీ క్రమంగా మగవారికి దూరమైనవి. ఫ్లూగెల్ అనే మనస్తత్త్వవేత్త 1930లో ప్రకటించిన గ్రంథంలో దీనికి పురుషుల మహాపరిత్యాగమని పేరు పెట్టినాడు.

ఫ్రెంచి విప్లవం నాటికి స్త్రీల జోళ్ళలో కూడ మడమ తగ్గిపోయినది. పందొమ్మిదవ శతాబ్ది మధ్యలో తిరిగి వచ్చినప్పుడు అది ప్రధానంగా స్త్రీలకే వచ్చినది. అటుపిమ్మట పుట్టినవారు అది అనాదిగా స్త్రీలదే అనుకున్నారు. నేను తరగతిలో నవ్వినప్పుడు నా అజ్ఞానం వయస్సు ఇంచుమించు నూట డెబ్బది ఏండ్లు మాత్రమే.

గొడుగు, చేతిగడియారం

పురుషుల వస్తువులు స్త్రీలకు చెందినట్లే, స్త్రీల వస్తువులు పురుషులకు చెందుటయు కలదు. పద్ధెనిమిదవ శతాబ్దిలో జోనాస్ హాన్వే అనే వర్తకుడు లండను వీధులలో గొడుగు వేసుకొని నడిచినాడు. గొడుగు అక్కడ ఆడవారి వస్తువు. చూసినవారు గేలి చేసినారు. అతడు మానలేదు. నేడు వర్షంలో గొడుగు పట్టిన మగవానిని చూసి నవ్వేవాడెవడు?

చేతిగడియారం కథయు ఇట్టిదే. అది మొదట స్త్రీల కంకణం వంటి ఆభరణం. మగవారు గొలుసు గడియారాన్ని జేబులో ఉంచుకొనేవారు. 1914–18 నాటి మహాయుద్ధంలో కందకాలలోని సైనికునికి చేతులు ఖాళీ లేకుండగనే వేళ తెలియవలసి వచ్చినది. యుద్ధం ముగియునప్పటికి ఆ ఆభరణం వీరుని మణికట్టుపై వెలసినది.

మన దేశంలో ఉదాహరణలకు కొదవ లేదు. చూడీదారు పైజామా స్త్రీపురుషులిద్దరిది. మన పల్లెలలో ముసలి రైతు చెవికి పోగులు, చేతికి మురుగు ఉండుట ఎరుగనివారు లేరు. మా ఇండ్లలో పండుగనాడు మగవారు కంటికి సుర్మా పెట్టుకొందురు. మరాఠీ రంగస్థలంపై స్త్రీపాత్రలు ధరించిన బాలగంధర్వుని చీరకట్టును, నగలను ఇల్లాండ్రే అనుకరించినారు. తెలుగునాట స్థానం నరసింహారావుగారు (1902–1971) సత్యభామ పాత్ర ధరించి పద్మశ్రీ గౌరవం పొందినారు. రంగస్థలంపై చప్పట్లు కొట్టిన చేతులే వీధిలో వేలెత్తి చూపును.

1970 ప్రాంతపు పాత ఫోటోలు ఇంట ఉన్నవారు ఒకసారి తీసి చూడవలెను. వెడల్పాటి బెల్‌బాటం ప్యాంటు క్రింద ఎత్తుమడమల బూట్లతో నిలబడిన యువకులు కనిపింతురు. ఈనాటి పిల్లల వేషాన్ని మందలించే పెద్దలు కొందరు ఆ ఫోటోలలోనే ఉన్నారు!

నవ్వు, నిర్బంధం

లోకం నవ్వుతో ఆగదు, ఒక్కొక్కప్పుడు శాసనం కూడ చేయును. పారిస్ నగరంలో 1800లో స్త్రీలు పురుషవేషం ధరింపదలచినచో పోలీసు అధికారి అనుమతి పొందవలెనని ఉత్తర్వు వచ్చినది. 1892లోను, 1909లోను దానిని కొంత సడలించినారు. చేతిలో గుర్రపు కళ్ళెము గాని సైకిలు హ్యాండిలు గాని ఉన్నచో స్త్రీ ప్యాంటు తొడగవచ్చునట! ఆ ఉత్తర్వు చెల్లదని ప్రభుత్వం స్పష్టంగా ప్రకటించినది 2013లో. 2015లో లండనులో ఒక యువతి ఎత్తుమడమల జోళ్ళు తొడగనందుకు మొదటిరోజే ఉద్యోగస్థలం నుండి ఇంటికి పంపబడినది. ఆమె విజ్ఞప్తిపై లక్షన్నరమందికి పైగా సంతకాలు చేయగా, 2017లో పార్లమెంటులో చర్చ జరిగినది. మగవాడు తొడిగితే నవ్వు, ఆడుది తొడగకపోతే శిక్ష. మడమ ఒక్కటే, బాధ రెండు విధాలు.

ఎత్తుమడమలు మంచివని నేను వాదించడం లేదు. మడమ లేచినకొలది శరీరభారం పాదం ముందుభాగంపై పడును, వ్రేళ్ళు నలుగును, చీలమండ బెణుకును, చిరకాలం తొడిగినచో పిక్క కండరం కురచబడును. ఈ బాధ స్త్రీలకొకటి, పురుషులకొకటి కాదు. అట్లే విధినిషేధాలను గురించి ఆయా మతాల పెద్దలు చెప్పవలసినవి వేరే ఉన్నవి. వాటిలో ప్రవేశించుటకు నేను అధికారిని కాను. చరిత్ర చెప్పినంతవరకే నేను చెప్పినాను.

విద్యార్థి మిత్రులారా! ఒక వేషాన్ని చూసినప్పుడు అడుగదగిన ప్రశ్నలు నాలుగు: అది శుభ్రంగా ఉన్నదా? ఒంటికి హాని చేయునా? పనికి అడ్డు వచ్చునా? తండ్రి సంపాదనకు మించినదా? ఈ నాలుగింటికి జవాబు చెప్పగలవానిని ఐదవ ప్రశ్న అడుగుటకు మనకు హక్కు లేదు. కళాశాల సంఘ సభ్యులకు నా మనవి ఒక్కటే. వేషధారణకు నియమాలు ఉండవచ్చును. ఉన్నచో వాటిని వ్రాసి గోడపై అంటించవలెను. బాలురకు, బాలికలకు సమానంగా అమలు జరుపవలెను. నలుగురి మధ్య నవ్వును మాత్రం నియమంగా వాడరాదు. గోడపై వ్రాసినదానిని విద్యార్థి చదివి దిద్దుకొనును. నవ్వును మోసుకొని ఇంటికి పోవును.

నా విద్యార్థి ఆ సంవత్సరం చదువు ముగించుకొని వెళ్ళిపోయినాడు. ఉపాధ్యాయుడు విద్యార్థిని క్షమాపణ కోరుట తగదని సంకోచించి నేను ఆనాడు ఊరకున్నాను. ఈ సంచిక అతని చేతికి చేరునో లేదో తెలియదు. చేరినచో, ఆనాటి మాట నాది తప్పని అతడు గ్రహింపవలెనని కోరుచున్నాను.